మునివేళ్ళపై నడిచే పసిబిడ్డలు

నడక నేర్చుకొంటున్న బిడ్డ మడమలు నేలకు ఆనించక మునివేళ్ళపై నాలుగడుగులు వేస్తే ఇంటిల్లిపాదికీ ముచ్చటగానే ఉంటుంది. ఏడాది నిండి నడక మొదలైన పిమ్మట కొన్ని నెలలపాటు ఇట్టి నడక చాలామంది పిల్లలలో కనబడుతుంది. సాధారణంగా రెండు, మూడేళ్ళ నాటికి తనంతట తానే పోతుంది. మూడేళ్ళు దాటినా వీడకుంటే వైద్యునికి చూపించవలసినదే.

కొన్ని లక్షణాలు కనబడితే వయస్సు కోసం వేచి ఉండరాదు. ఒక కాలి మడమ మాత్రమే లేవడం, కాళ్ళు బిగుసుకొని ఉండడం, మాటలు ఆలస్యం కావడం అట్టివి. అన్నిటికంటె గమనించదగినది, మొదట చక్కగా నడిచిన బిడ్డ తరువాత మునివేళ్ళకు మారడం. నేలమీదినుండి లేచేటప్పుడు తొడలపై చేతులు ఊనుకొనడం, పిక్కలు లావెక్కడం కూడా తోడైతే కండరాల క్షీణత కావచ్చును. ఇది ముఖ్యంగా మగపిల్లలకు వచ్చే వ్యాధి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్న పిల్లలలోనూ ఈ నడక కనబడుతుంది. అయితే అనేకులలో ఏ వ్యాధీ ఉండదు, అలవాటే మిగులుతుంది. ఆ అలవాటు దీర్ఘకాలం సాగితే పిక్కను మడమతో కలిపే స్నాయువు బిగుసుకొని, పాదం నేలకు ఆనడమే కష్టమవుతుంది.

బిడ్డను గద్దించి ప్రయోజనం లేదు. మోకాలు చాపి ఉంచి పాదాన్ని మెల్లగా పైకి వంచి పట్టే వ్యాయామం ఫిజియోథెరపిస్టు వద్ద చూచి నేర్చుకొనవలెను. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోబెట్టి ఆడించడం, మడమలపై నడిపించడం మేలు. చక్రాల వాకరు మానిపించడం మంచిది. కెనడా దేశం 2004లో దానిని నిషేధించినది, ప్రమాదాల కారణంగా. బిగువు తగ్గకుంటే వైద్యులు వరుస కట్లు, పాదానికి ఆధారపు పట్టీలు, అరుదుగా శస్త్రచికిత్స సూచిస్తారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలలో, ఒకసారి ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తాయి. పనులకై సింధనూరు, మాన్వి క్యాంపుల నడుమ తావులు మారే కుటుంబాల బిడ్డలు ఆ దినమున అక్కడ లేకపోవచ్చును. అట్టివారు బృందం తిరిగి వచ్చే తేదీని అంగన్‌వాడీ కార్యకర్తనడిగి తెలిసికొనవచ్చును, లేదా రాయచూరులోని రిమ్స్ ఆసుపత్రిలో పిల్లల విభాగానికి నేరుగా వెళ్ళవచ్చును. కన్నడంలో చెప్పవలసివస్తే "తుదిగాలల్లి నడెయుత్తానె" అంటే చాలును, ఆడపిల్లయితే "నడెయుత్తాళె". నడక మొదలైన నెల, ఈ తీరు ఎప్పటినుండి ఉన్నదీ వ్రాసుకొని వెళ్ళవలెను. బిడ్డ నడిచే వీడియో ఫోనులో ఉంటే మరీ మంచిది, ఆసుపత్రిలో కొత్తవారి ఎదుట పిల్లలు తరచు అడుగే కదపరు.