కత్తివాదర: నూరుట, నిలుపుట

కత్తి మొద్దువారినదనగానే సానపట్టింపుమనుట మనకు పరిపాటి. కాని పదును కలిగించుట వేరు, కలిగిన పదునును నిలుపుట వేరు. ఈ రెంటికిని గల భేదము తెలియనిచో మంచి కత్తియు కొలది యేండ్లలో పాడగును. ఆ భేదమును స్పష్టముగ చూపు పనిముట్టు మంగలికత్తి. వంటయింటి కత్తిపీట కొంత మొద్దువారినను కూర తరుగును. మంగలికత్తి వాదర ఏ మాత్రము చెడినను చర్మమును గీరును. కావున దానినే ఉదాహరణముగ గైకొని పదును సంగతి విచారింతము.

ఈ భేదము మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున, శస్త్రములను గూర్చిన అధ్యాయమందు, నూరుటకు మినుముల వన్నె గల నునుపైన రాయియు, ధారను నిలుపుటకు బూరుగు పలకయు చెప్పబడినవి. వెండ్రుకను కోయగలంత పదునెక్కిన పిదపనే శస్త్రమును వాడవలెనని కూడ అందు కలదు. రాయి యొకటి, పలక యొకటి. పని రెండు విధములని దీనివలననే తేలుచున్నది. శాణమను సంస్కృత పదమునుండి మనకు సాన వచ్చినది. తమిళులు దానిని సాణై అనియు, కన్నడిగులు సాణె అనియు, ఒడియావారు శాణ అనియు అందురు. పొరుగువారితో మనము పంచుకొను పనివాండ్ర మాటలలో ఇది యొకటి.

ఇక కత్తి నిర్మాణమును చూతము. మంగలికత్తికి వాడునది సుమారు 1 శాతము కర్బనము గల గట్టి ఉక్కు. దాని వెన్ను మందముగను, అంచు మిక్కిలి పలుచగను ఉండును. నడుమ రెండు ప్రక్కలను లోతుగ తీసియుందురు. కత్తిని రాతిపై పరచినపుడు వెన్నును వాదరయు మాత్రమే రాతిని తాకును. వాదరకు కావలసిన కోణమును ఆ వెన్నే నిర్ణయించును. రెండు ముఖములకును నడుమ ఆ కోణము సుమారు 16 డిగ్రీలు. వెన్నును పైకెత్తి నూరినచో ఈ యేర్పాటంతయు వ్యర్థమగును.

ఉక్కు వెండ్రుకకంటె సుమారు 50 రెట్లు గట్టిది. అట్టి ఉక్కును మెత్తని వెండ్రుక యెట్లు చెరుపగలదు? 2020లో అమెరికాయందలి మాసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు గడ్డము గీయు బ్లేడులను సూక్ష్మదర్శినితో పరిశీలించి దీనికి సమాధానము చెప్పిరి. అంచు మెల్లమెల్లగ అరుగుటయే కాదు. ఉక్కు కూర్పు ఒకే రీతిగ లేని చోట, వెండ్రుక వంగి ఏటవాలుగ తాకినపుడు, కంటికి కనబడని పెచ్చులు ఊడుచున్నవని వారు కనుగొనిరి. మంగలికత్తికి ఇంకను రెండు శత్రువులు కలవు: పలుచని అంచు ప్రక్కకు వాలుట, తడివలన తుప్పు పట్టుట. వాలిన అంచును నిలుపుటకు తోలుపట్టీ చాలును. పెచ్చు లేచినచో, తుప్పు తినినచో రాయి కావలెను.

ఈ వివేకము లేక మేమొక కత్తిని పోగొట్టుకొంటిమి. పెద్దలనాటి మంగలికత్తి యొకటి మా యింట ఉండెడిది. దాని వాదర చిన్న గంటు పడగా, చక్రపు సానతో వీథిలో వచ్చిన పనివానికి ఇచ్చితిమి. నిప్పురవ్వలు రాలినవి, కొలది నిమిషములలో కత్తి తళతళలాడెను. అంచు వెంబడి నీలివన్నె గీత యొకటి కనబడగా అది అందమేయని తలచితిమి. మరునాటి క్షౌరము సగమైనను కాకమునుపే కత్తి మొద్దువారెను. పిదప ఎన్నిమార్లు నూరినను పదును నిలువలేదు. కారణమేమన, కత్తిని చేయునపుడు ఎర్రగ కాల్చి చల్లార్చి, మరల సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఉంచి దానికి తగిన గట్టితనము నిత్తురు. ఉక్కు నీలివన్నెకు వచ్చుటకు సుమారు 300 డిగ్రీల వేడిమి కావలెను. అంత వేడెక్కిన అంచు మెత్తబడును. తప్పు ఆ పనివానిది కాదు. కత్తిపీటకు తగిన సాధనమునకు మంగలికత్తి నిచ్చిన మాది.

గంటుపడిన కత్తిని బాగుచేయు పద్ధతి ఇది. రాయి సమతలముగ ఉండవలెను, నీటితో తడుపవలెను. రాళ్ల నునుపును సంఖ్యలతో తెలుపుదురు. సంఖ్య పెరిగినకొలది రాయి నునుపు. గంటు ఉన్నపుడు మాత్రమే 1000 సంఖ్య గల రాయితో మొదలిడి, పిదప 4000, 8000 సంఖ్యల రాళ్లపై నూరవలెను. వెన్నును వాదరను రాతికి ఆనించి, వాదర ముందుగ సాగునట్లు త్రోయవలెను. కత్తి పొడవు రాతి వెడల్పునకు మించియుండును గనుక, మడమనుండి కొనవరకు అంచంతయు తగులునట్లు ఏటవాలుగ లాగవలెను. ఒక ప్రక్క యెన్ని మార్లో రెండవ ప్రక్కయు అన్ని మార్లే. త్రిప్పునపుడు వెన్నుమీదనే త్రిప్పవలెను. చేతి బరువు వేయరాదు.

పదునెక్కిన దనుటకు గుర్తేమి? దీపము క్రింద వాదరను నిట్టనిలువుగ పట్టి చూడవలెను. మొద్దువారిన చోట వెలుగు తగిలి సన్నని తెల్లగీత మెరయును. పదునైన చోట ఏమియు కనబడదు. బొటనవ్రేలితో అంచును తడవి చూచుట ప్రమాదము. విద్యార్థులు పెద్దలు దగ్గర లేనిదే ఈ కత్తిని ముట్టరాదు.

తోలుపట్టీపై పని దీనికి విపర్యయము. అక్కడ వెన్ను ముందు సాగవలెను, వాదర వెనుక రావలెను. లేనిచో తోలు తెగును, అంచు చెడును. పట్టీని బిగువుగ పట్టి, ప్రతి క్షౌరమునకు ముందు 30 మొదలు 50 మార్లు తేలికగ త్రిప్పినచో, రాతి యవసరము నెలల తరబడి కలుగదు. పని ముగిసిన వెంటనే కత్తిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరిన పిదపనే మడువవలెను. యానాము వంటి సముద్రప్రాంతములందు ఉప్పుగాలి తగులును గనుక, కుట్టుమిషను నూనె యొక బొట్టు రాయుట మేలు. ఒకరి కత్తి నొకరు వాడరాదు. హెపటైటిస్ బి వంటి వ్యాధులు రక్తము మూలమున వ్యాపించును. అందుచేతనే క్షౌరశాలలందు మనిషి మనిషికి మార్చు బ్లేడుల కత్తులు వాడుకలోనికి వచ్చినవి.

రాయి ఉక్కును తినియే పదును నిచ్చును. ఒకమారు రాతికి పోయిన ఉక్కు తిరిగి రాదు. పట్టీ తినునది దాదాపు శూన్యము. అది కోరునది దినమునకు రెండు నిమిషముల ఓపిక మాత్రమే. ఆ రెండు నిమిషములు మనము ఇయ్యనందుననే కత్తి రాతికి పోవుచున్నది. సుశ్రుతుడు రాతి ప్రక్కనే బూరుగు పలకను పెట్టుటకు కారణమిదియే. మీ యింట పాత కత్తి యేదైన ఉన్నచో, సానకు పంపకమునుపు దీపము క్రింద దాని వాదర నొకమారు చూడుడు. గంటు లేనిచో అది పట్టీతోనే బాగుపడునేమో!