చెరసాలలో ఎవరికి ఏ గది?



నెక్కొండలో బండి ఎక్కి వరంగల్లుకో మహబూబాబాదుకో వెళ్ళేవారికి హిజ్రాలు కొత్తవారు కారు. చప్పట్లు చరుస్తూ పెట్టెలోకి వస్తారు. కొందరు పది రూపాయలిచ్చి దీవెన పుచ్చుకుంటారు, కొందరు కిటికీ వైపు తిరిగి కూర్చుంటారు. వారిని ఎగతాళిగా పిలవడానికి మన పల్లెల్లో ఒక మాట ఉంది. దానిని ఇక్కడ రాయను. ఇంట్లో పిల్లల ముందు మీరూ వాడకండి. రైలులో అడుక్కోవడం ఒకప్పుడు చట్టరీత్యా శిక్ష పడే నేరం. దానికి జరిమానా వేసే వీలుండేది, జైలుకు పంపే వీలూ ఉండేది. ఈ వారం మన పాఠం ఆ జైలు గుమ్మం దగ్గర మొదలవుతుంది: ఏ నేరానికైనా పట్టుబడిన ఇటువంటి వ్యక్తిని మగవారి జైలులో ఉంచాలా, ఆడవారి జైలులోనా?

ఇది కుటుంబంలో మాట్లాడుకొనే విషయమా అని మీకు అనిపించవచ్చు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ప్రభువు తీర్పునాడు అడిగే ప్రశ్నలను ఒకసారి చదవండి. ఆకలి, దప్పిక, రోగములతో పాటు చెరసాల కూడా అందులో ఉంది. ఏ నేరానికి లోపలికి వెళ్ళారో, ఎవరు ఎటువంటివారో అక్కడ అడగలేదు.

మన ప్రాంతపు చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1919లో, అంటే 1329 ఫసలీలో, హైదరాబాదు సంస్థానంలో హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వారి పేర్లకు ఒక రిజిస్టరు పెట్టాలి. ఆ రిజిస్టరులో ఉన్నవారు చీర కట్టి, నగలు పెట్టుకొని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. రెండేళ్ళ వరకు జైలు. దొంగతనం లేదు, కొట్లాట లేదు, చీర కట్టడమే నేరం! నిజాం పాలన పోయినా ఆ చట్టం పుస్తకాల్లోనే ఉండిపోయింది. వైజయంతి వసంత మోగ్లి మొదలైనవారు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దానిని కొట్టివేసింది. నూరేళ్ళు దాటిన తరువాత!

ఇక జైలు సంగతి. మన జైళ్ళకు పునాది 1894 నాటి కారాగారాల చట్టం. ఆడఖైదీలను మగవారికి కనిపించకుండా, వారితో మాటకు కూడా అందకుండా వేరే కట్టడంలో ఉంచాలని అందులో రాశారు. అది మంచి నియమం. ఆడవారి మానం కాపాడడానికి పెట్టిన గోడ అది. దానిని ఎవరూ తేలికగా తీసివేయరాదు. అయితే ఆ చట్టం రాసినవారికి రెండు గుమ్మాలే తెలుసు. ఆడపేరుతో, ఆడవేషంతో బ్రతుకుతూ కాగితాల్లో పురుషుడుగా ఉన్న మనిషి గురించి వారు ఆలోచించలేదు. ప్రభుత్వం వారు అచ్చువేసే జైలు లెక్కల్లో ఇటువంటివారికి వేరే గడి కూడా ఉండేది కాదు. ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడిన తరువాత 2020 లెక్కల్లో మొదటిసారి చూపించారు: దేశమంతటా 4,88,511 మంది ఖైదీలలో 70 మంది. ఆ డెబ్బైమంది కోసం ఇంత చర్చ ఎందుకని అడుగుతారా? నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోయిన కథ మనకు ఎవరు చెప్పారో గుర్తుచేసుకోండి.

మగవారి జైలులో వేస్తే ఏమవుతుందో అమెరికాలో డీ ఫార్మర్ అనే ఖైదీ కథ చెబుతుంది. స్త్రీగా జీవిస్తున్న ఆ వ్యక్తిని 1989లో టెర్రె హాట్ అనే చోట కరుడుగట్టిన నేరస్థులుండే మగవారి జైలుకు మార్చారు. అక్కడ తనపై అత్యాచారం జరిగిందని ఆమె కోర్టుకెక్కింది. 1994లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: ఖైదీకి పెద్ద ప్రమాదం ఉందని తెలిసి కూడా పట్టించుకోని జైలు అధికారి అందుకు బాధ్యుడే. శిక్ష అంటే స్వేచ్ఛ పోవడమే. తోటి ఖైదీల చేతిలో చెరచబడడం ఏ న్యాయమూర్తీ వేసిన శిక్ష కాదు.

అయితే ఆడవారి జైలుకు పంపితే సరిపోతుందా? ఇంగ్లండులో 2017లో, పూర్వం లైంగిక నేరాలు చేసిన ఒక వ్యక్తి తాను స్త్రీనని చెప్పగా న్యూ హాల్ అనే మహిళా జైలులో పెట్టారు. ఆ వ్యక్తి అక్కడి ఇద్దరు స్త్రీలపై లైంగిక దాడి చేసినట్టు రుజువై, 2018లో యావజ్జీవ శిక్ష పడింది. పాత నేరాలను సరిగా చూడలేదని జైలు శాఖ క్షమాపణ చెప్పుకుంది. మరుసటి ఏడు డౌన్‌వ్యూ మహిళా జైలులో ఇటువంటివారికి ప్రత్యేక విభాగం తెరిచారు. కాబట్టి మహిళా ఖైదీలు భయపడితే దానిని మూఢత్వమని కొట్టిపారేయకండి. వారిలో చాలామంది బయట మగవారి చేతిలో దెబ్బలు తిన్నవారే. ఒకరి నేరాన్ని అందరికీ అంటగట్టడం కూడా అంతే తప్పు.

నా మట్టుకు నాకు, ‘అందరూ ఈ గుమ్మానికే’ అనే నియమం ఏదైనా సోమరి నియమమే. వచ్చిన మనిషిని చూడాలి, చేసిన నేరం చూడాలి, ఎవరివల్ల ఎవరికి ప్రమాదమో చూడాలి. 2022 జనవరిలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసిన సలహా లేఖ చాలావరకు ఈ దారిలోనే ఉంది. వేరే గదులు, వేరే మరుగుదొడ్లు, స్నానపు గదులు ఉండాలి. ఒంటిని తనిఖీ చేసేది ఆ ఖైదీ కోరిన లింగానికి చెందినవారో, శిక్షణ పొందిన వైద్య సిబ్బందో కావాలి. వేరుగా ఉంచడం వెలివేయడం కారాదని కూడా అందులో ఉంది. ఈ చివరి మాట ముఖ్యం. కాపాడుతున్నామని చెప్పి ఒంటరి కొట్టులో పడవేస్తే మనిషి పిచ్చివాడవుతాడు. జైళ్ళు రాష్ట్రాల చేతిలోనివి కనుక ఈ లేఖ సలహా మాత్రమే. గోడలు కట్టవలసింది రాష్ట్రమే. వరంగల్లులో నిజాం నాటి కేంద్ర కారాగారాన్ని 2021లో పెద్దాసుపత్రి కోసం కూల్చివేశారు, ఖైదీలను ఇతర జైళ్ళకు తరలించారు. కొత్త జైలుకు నక్షా గీసేవారు ఈ గదులను మొదటే గీస్తే ఖర్చు తక్కువ.

శ్రీసభ మాట ఏమిటని అడిగేవారున్నారు. స్త్రీపురుష భేదాన్ని చెరిపివేసే సిద్ధాంతాన్ని శ్రీసభ అంగీకరించదు. 2024లో వెలువడిన ‘దిగ్నితాస్ ఇన్ఫినితా’ పత్రం దానిని స్పష్టం చేసింది. మనిషి గౌరవం ఏ స్థితిలోనూ పోదని చెప్పేదీ ఆ పత్రమే. 2015 మార్చి 21న ఫ్రాన్సిస్ పాపుగారు నేపుల్స్ నగరంలోని పొజ్జోరేయాలే జైలులో ఖైదీలతో కలిసి భోజనం చేశారు. ఆ బల్లల దగ్గర ప్రత్యేక విభాగంలో ఉండే ట్రాన్స్‌జెండర్ ఖైదీలు కూడా కూర్చున్నారు.

మీ ఊరిలో, మీ బంధువర్గంలో ఇటువంటి వ్యక్తి అరెస్టయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఇరవైనాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. ఏ జైలు, ఏ గది అన్న భయం ఉంటే అక్కడే, అప్పుడే నోరు విప్పి చెప్పాలి. కస్టడీలో ఉన్నవారికి వకీలును ఉచితంగా ఇస్తారు. న్యాయసేవల సంస్థ ఫోను నంబరు 15100. వారంటులో ఒకసారి ‘పురుషుడు’ అని పడితే, దానిని దిద్దించడానికి జైలు సూపరింటెండెంటు దరఖాస్తు పెట్టాలి, మళ్ళీ కోర్టుకు వెళ్ళాలి. ఆ లోపల గడిచే రాత్రులన్నీ ఆ గదిలోనే.