షామా: వనగాయకుని వర్గీకరణము

దక్షిణ, ఆగ్నేయాసియా ఉష్ణమండలారణ్యములందు, వెదురుపొదల చీకటినీడలలో పురుగులను వేటాడుచు, చెట్టుతొఱ్ఱలలో గూడు కట్టుకొను షామా పక్షి గానమాధుర్యమున సుప్రసిద్ధము. మగపక్షికి నిగనిగలాడు నల్లని మేను, ఎఱ్ఱమట్టి వన్నె గల ఉదరము, తోకమొదట తెల్లని మచ్చ, మిక్కిలి పొడవైన తోక కలవు.

దీని శాస్త్రనామము కాప్సైకస్ మలబారికస్, క్రమము పాసెరిఫార్మిస్. పరీక్షలలో అభ్యర్థులు తడబడునది కుటుంబము కడనే: పూర్వగ్రంథములు దీనిని త్రష్ పక్షులతోపాటు టర్డిడే కుటుంబమున చేర్చియుండగా, జన్యుపరిశోధనల ననుసరించి నేటి శాస్త్రజ్ఞులు మస్కికాపిడే కుటుంబమున నిలిపిరి గావున, పాతపుస్తకమును గ్రుడ్డిగా నమ్మినవారికి మార్కు దక్కుట కష్టము. బంగ్లాదేశ్ జాతీయపక్షి దోయెల్ దీని ప్రజాతిలోనిదే.

1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అను బాలుడు మైనపు స్తూపముపై ముద్రించిన షామా గానమే తొలి పక్షిస్వర ధ్వనిముద్రణగా ప్రఖ్యాతము. 1931లో ఈ పక్షిని హవాయి దీవులలోని కవాయికి కొనిపోయి విడిచిరి.