పది రోజుల సేవాయాత్రకు పంపాలా?

ప్రశ్న: మా చర్చి యువజనులు పది రోజుల సేవాయాత్రకు నేపాల్ వెళ్తున్నారు. మా అబ్బాయీ వెళ్తానంటున్నాడు. పంపమంటారా?
– ఒక తల్లి, పుంగనూరు

జవాబు: పంపండమ్మా, అయితే నేర్చుకుని రమ్మని పంపండి. సేవకు ఎంత ఓపిక కావాలో మీ పక్కనున్న మదనపల్లె చరిత్రే చెబుతుంది. 1863లో అక్కడ స్థిరపడిన అమెరికన్ మిషనరీ వైద్యుడు జేకబ్ ఛాంబర్లేన్ తెలుగు నేర్చి, తెలుగు బైబిల్ సవరణకు పాటుపడి, 1908లో అక్కడే కన్నుమూశారు. పలు మిషన్లు కలిసి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రికి తొలి సారథి డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్-మోలర్. తర్వాత ఆ బాధ్యత మన దేశస్థుడు డాక్టర్ పి.వి. బెంజమిన్ చేతికి వచ్చింది. భాష నేర్చుకోవడం, ఏళ్ల తరబడి నిలబడటం, స్థానికులకు పగ్గాలు అప్పగించడం వల్లే ఆ పని నిలిచింది.

అన్నేళ్లు అందరూ ఉండలేరు, పది రోజులైనా మనసు విశాలమవుతుంది కదా అంటారు. నిజమే. కానీ ఆ లాభం వెళ్లినవాళ్లది. అక్కడి కూలీ చేయగల గోడల సున్నం పని మనవాళ్లు చేస్తే అతని కూలి పోతుంది. పైగా నేపాల్‌లో మతం మార్పించడం నేరం, అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. సువార్త చెప్పకుండా ఎలాగంటే, ఆ పని అక్కడి సంఘానికే వదలాలి. వాళ్లు పిలిస్తేనే, వాళ్లు అడిగిన పనికే వెళ్లాలి. తిరిగొచ్చాక, మీ ఊరి నుంచి బెంగళూరు పనులకు పోయేవాళ్ల పిల్లలకు ఏడాదిపాటు సాయంత్రాలు చదువు చెబుతామని యువజనుల చేత ముందే మాట తీసుకోండి. ఆ మాట ఇస్తేనే ప్రయాణానికి ఒప్పుకోండి.