కొమ్మ మీద కొలువు

మహబూబ్‌నగర్‌ పిల్లలమర్రికి చెద పట్టి కొమ్మలు కూలుతుంటే 2017 చివర్లో సందర్శకులను రానివ్వడం ఆపేశారు. మరుసటి ఏడాది సెలైన్‌ సీసాలు వేలాడదీసి, చెట్టులోకి చెదల మందు ఎక్కించారు. ఆ ఫొటోలు చూసి ‘చెట్టుకీ వైద్యమా!’ అని వింతపడినవాళ్లే ఎక్కువ. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో మాత్రం చెట్ల బాగోగులు చూడడమే వృత్తిగా బతికేవాళ్లున్నారు. వాళ్లను ట్రీ సర్జన్‌ అనో ఆర్బరిస్ట్‌ అనో పిలుస్తారు. ఎండుకొమ్మలు తీయడం, ఇంటి మీదికి ఒరిగిన చెట్టును ముక్కలుగా కోసి దించడం, పుచ్చు ఎంత లోతుకు పోయిందో తేల్చడం వీళ్ల పని.

ఎత్తంటే భయం లేనివాళ్లకే ఈ ఉద్యోగమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో భయం బొత్తిగా లేనివాడు దీనికి పనికిరాడు. ఎక్కేముందు తాడును ఇంకోసారి తడిమి చూసుకునేది భయం ఉన్నవాడే.

అందుకే తాడు సంగతి ముందు తెలుసుకోవాలి. కొండలెక్కేవాళ్ల తాడు చెట్టు పనికి కుదరదు. జారిపడితే సాగి, ఆ కుదుపును తనలో కలుపుకొనేలా దాన్ని తయారు చేస్తారు. రోజంతా తాడుకు వేలాడుతూ రంపం పట్టేవాడికి అంత సాగితే ఒళ్లు ఊగిపోతుంది, కోత కుదురుగా పడదు. చెట్టు మీద వాడేది తక్కువ సాగే తాడు. మందం 11 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది. యూరప్‌లో ‘ఈఎన్‌ 1891’ ప్రమాణంలోని ‘ఎ’ రకం తాడు కనీసం 22 కిలోన్యూటన్ల బలాన్ని, అంటే సుమారు 2,200 కిలోల బరువును తట్టుకోవాలి. అంత గట్టిది గదా అని ధీమా పడకండి. మనిషి బరువుతో బిగిసి ఉన్న తాడుకు చేతిరంపం పన్ను కాస్త గీరుకున్నా చాలు, తెగిపోతుంది.

పాతకాపులు పనికి ముందు తాడును చివరి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య జారవిడుస్తారు. ఎక్కడైనా చదునుగా తగిలిందా, మెత్తబడిందా, లోపలి పోగు బయటికి తొంగిచూస్తోందా అని చూస్తారు. నున్నగా, గాజులా మెరిసే చోటు దొరికితే అక్కడ రాపిడి వేడికి పోగు కరిగిందని అర్థం. బ్యాటరీ యాసిడ్‌ తగిలిందన్న అనుమానం వచ్చినా ఆ తాడు మళ్లీ చెట్టెక్కదు. బ్రిటన్‌లో మనిషిని మోసే ఈ సామగ్రినంతా ఆరునెలలకోసారి అర్హత ఉన్నవారితో తనిఖీ చేయించాలని 1998 నాటి ‘లోలర్‌’ నిబంధనలు చెబుతున్నాయి.

నడుముకూ తొడలకూ పట్టే హార్నెస్‌; మూడు కదలికలతో తప్ప తెరుచుకోని కారబైనర్‌; తాడు మీద పైకీ కిందికీ జరిగే రాపిడి ముడి, లేదా ఆ ముడి పనినే చేసే జిగ్‌జాగ్‌ లాంటి పరికరం; సన్నతాడుకు కట్టి పైకొమ్మ మీదుగా విసిరే చిన్న బరువు సంచి... సామాన్ల జాబితా ఇంకా పొడుగే. కాళ్లకు కట్టుకునే ఇనుప ముళ్లు పూర్తిగా కొట్టేసే చెట్లకే. బతకాల్సిన చెట్టుకు ప్రతి పోటూ ఒక గాయం. శిక్షణ పూర్తికాకముందే ఆన్‌లైన్లో కిట్‌ కొనేసుకోకండి. హార్నెస్‌ ఒంటికి సరిపోయిందో లేదో గంటసేపు వేలాడితేగానీ తెలియదు.

మన గీత కార్మికులు తరతరాలుగా మోకు మీద ఎక్కుతున్నవాళ్లే. తాటికి కొమ్మలుండవు కాబట్టి మోకు చెట్టునూ మనిషినీ చుట్టి ఉంటుంది. పట్టు తప్పితే ప్రాణాల మీదికే వస్తుంది. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రత కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ట్రీ సర్జన్‌ తాడు అలా కాదు, పైనున్న గట్టి పంగ మీదుగా వస్తుంది, కాలు జారినా మనిషి వేలాడుతూ ఆగుతాడు. మోటారు రంపం పట్టినప్పుడు మాత్రం ఆ ఒక్క తాడు చాలదు, రెండో కట్టు తప్పనిసరి.

కోతకూ పద్ధతుంది. బరువైన కొమ్మను మొదలు దగ్గర ఒక్క వేటుతో కోస్తే మాను బెరడు చీరుకుంటూ ఊడుతుంది. ముందు మొదలుకు కాస్త దూరంగా కింది నుంచి గాటు పెట్టాలి. దానికి కొంచెం అవతల పై నుంచి కోసి బరువు దించాలి. మిగిలిన మోడును కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీకి తగలకుండా తీయాలి. గాయం మూసుకునేది ఆ పట్టీ నుంచే. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్‌ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి చెప్పిన సంగతిది.

ఇక రోజువారీ బతుకు. కొత్తవాళ్లకు మొదట దక్కేది నేల పనే: కొమ్మలు ఈడ్చడం, యంత్రంలో వేసి పొట్టు చేయించడం, పైవాడి తాళ్లు చిక్కుపడకుండా చూడడం. దాన్ని చిన్నచూపు చూడకండి. బ్రిటన్‌లో పక్షులు గూళ్లు కట్టే కాలంలో పని నెమ్మదిస్తుంది; గుడ్లో పిల్లలో ఉన్న గూటిని కావాలని పాడుచేస్తే 1981 చట్టం కింద నేరం. చలిలో, వానలో చేయాలి. భుజాలు, మణికట్లు అరుగుతాయి. వయసు మీద పడ్డాక చాలామంది చెట్ల సర్వేలకూ సలహాలకూ శిక్షణకూ మళ్లుతారు. అప్పుడు చదువు అక్కరకొస్తుంది.

మనదగ్గర ఇంకా ఈ పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. అలాగని దారి లేకపోలేదు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. తాడు పని నేర్చుకోవాలంటే 18 ఏళ్లు నిండినవాళ్లు తాడు మీద పనిచేసేవారి సంఘం ‘ఐరాటా’ ఇచ్చే లెవెల్‌-1 చేయొచ్చు. నాలుగు రోజుల శిక్షణ, ఒకరోజు పరీక్ష. అది భవనాలు, టవర్ల పనికి ఉద్దేశించింది. చెట్టు నేర్పదు, క్రమశిక్షణ నేర్పుతుంది. ఇంటర్నేషనల్‌ సొసైటీ ఆఫ్‌ ఆర్బరికల్చర్‌ ఇచ్చే సర్టిఫైడ్‌ ఆర్బరిస్ట్‌ గుర్తింపునకు చాలా దేశాల్లో విలువుంది. దానికి పని అనుభవం అడుగుతారు. బ్రిటన్‌లోనైతే సిటీ అండ్‌ గిల్డ్స్‌ వంటి సంస్థల రంపం, చెట్టెక్కడం సర్టిఫికెట్లు చూస్తారు. విదేశాల్లో కొలువు ఇప్పిస్తామనే ఏజెంట్లకు పైసా ఇచ్చేముందు ఆ దేశపు వీసా వెబ్‌సైట్‌ మీరే చదవండి.

ఈ వృత్తిలో ఒంటరిగా చెట్టెక్కకూడదు. కింద ఉన్నవాడికి పైకి వెళ్లి గాయపడ్డవాడిని దించడం వచ్చి ఉండాలి, అందుకు వేరే తాడు, హార్నెస్‌ అక్కడే సిద్ధంగా ఉండాలి. కాబట్టి ఏ శిక్షణ కేంద్రంలో చేరబోయినా ముందు ఇది అడగండి: పైన చిక్కుకున్న మనిషిని దించడం నేర్పుతారా? సమాధానం చెప్పడానికి నసిగితే ఫీజు కట్టకుండా వచ్చేయండి.