రేఖీయ సమీకరణాలు – గ్రాఫులు
• నిరూపక జ్యామితికి పునాది వేసిన ఫ్రెంచ్ గణితవేత్త రెనె డెకార్టె. ఆయన 'లా జియోమెట్రీ' వెలువడిన సంవత్సరం 1637.
• రెండు చరరాశుల రేఖీయ సమీకరణానికి గ్రాఫ్ సరళరేఖ. గీయడానికి రెండు బిందువులు చాలు, మూడోది సరిచూసుకోవడానికి.
• ఉదాహరణ: 2ఎక్స్ + 3వై = 12. ఎక్స్ = 0 అయితే వై = 4; వై = 0 అయితే ఎక్స్ = 6. (0, 4), (6, 0) బిందువులను కలపాలి. సరిచూసే బిందువు (3, 2). వాలు –2/3.
• ఎక్స్ = 3 రేఖ వై-అక్షానికి సమాంతరం. చాలామంది తడబడేది ఇక్కడే.
• స్థిరపదం సున్నా అయితే రేఖ మూలబిందువు గుండా పోతుంది.
• రెండు రేఖలు ఖండించుకుంటే ఒకే సాధన, సమాంతరమైతే సాధన లేదు, ఏకీభవిస్తే అనంత సాధనలు.
మాదిరి ప్రశ్న: పై ఉదాహరణలోని రేఖ అక్షాలతో ఏర్పరిచే త్రిభుజ వైశాల్యం?
జవాబు: ½ × 6 × 4 = 12 చదరపు యూనిట్లు.