ప్లగ్గు నంబరు మార్చే ముందు

హాట్ ప్లగ్గు వేస్తే స్పార్క్ గట్టిగా పడుతుంది, పికప్ పెరుగుతుంది అన్న మాట గ్యారేజీల్లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మొదటి నెలలోనే అది విని నమ్మేస్తారు. హాట్, కోల్డ్ అనే పేర్లకూ స్పార్క్ బలానికీ సంబంధం లేదు. సిలిండర్‌లో మంట ప్లగ్గు కొనను కాలుస్తుంది. ఆ వేడిని ప్లగ్గు ఎంత త్వరగా హెడ్డులోకి దాటిస్తుందో చెప్పేదే హీట్ రేంజ్. త్వరగా దాటిస్తే కోల్డ్ ప్లగ్గు, నిదానంగా దాటిస్తే హాట్ ప్లగ్గు. ప్లగ్గు మార్చినంత మాత్రాన ఇంజన్ వేడెక్కదు, చల్లబడదు. మారేది ప్లగ్గు కొన వేడి ఒక్కటే.

రెండు రకాల ప్లగ్గులు పక్కపక్కన పట్టుకుని కింది నుంచి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. నడి ఎలక్ట్రోడ్ చుట్టూ తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది. హాట్ ప్లగ్గులో ఆ ముక్కు పొడుగ్గా ఉంటుంది. దానికీ ఇనుప గుల్లకూ మధ్య సందు లోతుగా కనిపిస్తుంది. కొన దగ్గరి వేడి అంత దూరం పింగాణీలో ఎక్కి, అప్పుడు గానీ గుల్లను చేరదు. కోల్డ్ ప్లగ్గులో ముక్కు పొట్టిగా ఉంటుంది, వేడి తొందరగా గుల్లకు, అక్కడి నుంచి థ్రెడ్ల ద్వారా, వాషర్ ద్వారా హెడ్డులోకి వెళ్లిపోతుంది.

ప్లగ్గు కొన ఉండాల్సిన వేడి సుమారు 450 డిగ్రీల నుంచి 870 డిగ్రీల సెల్సియస్ మధ్య. 450 దాటితే పింగాణీ మీద పడిన మసి దానంతట అదే కాలిపోతుంది. అంతకంటే తక్కువుంటే మసి పేరుకుంటుంది. మసి కరెంటును పారనిస్తుంది కాబట్టి, గ్యాప్‌లో దూకాల్సిన స్పార్క్ పింగాణీ మీదుగా గుల్లలోకి జారిపోతుంది. బండి మిస్సింగ్ కొడుతుంది. పై హద్దు దాటితే వ్యవహారం ఇంకా ముదురుతుంది. కొన నిప్పు కణికలా ఎర్రబడి, స్పార్క్ పడక ముందే పెట్రోలు అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. అలా కొంతసేపు సాగితే పిస్టన్ నెత్తిన చిల్లు పడుతుంది. మసి పట్టిన ప్లగ్గుతో బండి ఆగిపోతే ప్లగ్గు మార్చుకుంటారు. పిస్టన్ కరిగితే ఇంజన్ దించాల్సిందే. అందుకే ఏదో ఒక పక్కకు తప్పు జరగక తప్పదనుకుంటే, కోల్డ్ వైపు తప్పడమే మేలు.

కంపెనీ ఇచ్చిన నంబరు ఎంతో పరీక్షించి పెట్టింది. మామూలుగా తిరిగే కారుకు దాన్ని మార్చాల్సిన అవసరం చాలా అరుదు. గ్యారేజీల్లో నంబర్లు మారడానికి అసలు కారణం ఇంకొకటి. జబ్బు వేరే చోట ఉంటే దాన్ని ప్లగ్గుతో కప్పెయ్యాలని చూడటం. ఉదాహరణకు ఊళ్లోనే తిరిగే కారు తీసుకోండి. ఇంటి నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో సగం సేపు ఐడిల్ మీదే. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు. ప్లగ్గులు నల్లబడతాయి. మెకానిక్ ఒక మెట్టు హాట్ ప్లగ్గు వేస్తాడు. మసి తగ్గుతుంది, ఓనరు సంతోషిస్తాడు. వేసవి సెలవుల్లో అదే కారులో ఐదుగురు ఎక్కి, సామాను వేసుకుని, ఏసీ పెట్టుకుని తిరుమల ఘాట్ ఎక్కుతారు. ఫుల్ లోడ్ మీద ఆ ప్లగ్గు కొన ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. ఒక్క మెట్టు తేడాకు కొన వేడి సుమారు 70 నుంచి 100 డిగ్రీలు మారుతుంది. అలాంటి కారుకు సరైన వైద్యం ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సర్, థర్మోస్టాట్ చూడటం. అవన్నీ బాగుంటే, అప్పుడప్పుడు హైవే మీద అరగంట నడపమని ఓనరుకు చెప్పడం.

ప్లగ్గు చదవడం రాని మెకానిక్ స్కానర్ ఎంత ఖరీదైనది కొన్నా సగం పనే చేస్తాడని నా అభిప్రాయం. ప్లగ్గులు విప్పిన వెంటనే ట్రేలో సిలిండర్ వరుసలో పెట్టడం అలవాటు చేసుకోండి. ఒకటో సిలిండర్ ప్లగ్గు ఏదో, నాలుగోది ఏదో తెలియకుండా కలిపేస్తే సగం సమాచారం పోయినట్టే. నాలుగూ లేత గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో ఉంటే ఇంజనూ బాగుంది, ప్లగ్గూ సరిపోయింది. నాలుగూ పొడి మసితో నల్లగా ఉంటే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా బండి వేడెక్కకుండా తిరుగుతోంది. ఒక్కటే నల్లగా ఉండి మిగతా మూడూ బాగుంటే హీట్ రేంజ్ గురించి ఆలోచించనే వద్దు. ఆ సిలిండర్ కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడండి. నల్లగా జిడ్డుగా, తడిగా ఉంటే అది ఇంజన్ ఆయిల్. రింగులో, వాల్వ్ సీల్సో పోయాయి. హాట్ ప్లగ్గు వేసి ఆయిల్‌ను కాల్చేద్దామనుకుంటే కొన్నాళ్లు నడుస్తుంది గానీ, ఆయిల్ తాగడం ఆగదు.

పింగాణీ సుద్దలా తెల్లబడి, మీద చిన్న చిన్న బొబ్బలు లేచి, ఎలక్ట్రోడ్ అంచులు కరిగి గుండ్రబడితే ప్లగ్గు విపరీతంగా వేడెక్కిందని అర్థం. అప్పుడు కూడా మొదట చూడాల్సింది ప్లగ్గు నంబరు కాదు. మిశ్రమం పలచబడిందా, ఇన్‌టేక్‌లో గాలి లీకు ఉందా, కూలెంట్ తగ్గిందా, టైమింగ్ ముందుకు జరిగిందా చూడండి. టైమింగ్ 10 డిగ్రీలు ముందుకు జరిపితే చాలు, ప్లగ్గు కొన వేడి ఇంచుమించు ఒక మెట్టు మారినంత పెరుగుతుంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లలో ప్లగ్గులు మామూలుగానే తెల్లగా ఉంటాయి, ఎందుకంటే గ్యాస్ మసి తక్కువ చేస్తుంది. బొబ్బలు లేనంత వరకు ఆ తెలుపును చూసి కంగారు పడనక్కర్లేదు. ఇంకో సంగతి, ప్లగ్గు బయటి పింగాణీ మీద గుల్లకు ఆనుకుని గోధుమ రంగు పట్టీలా కనిపిస్తే కంప్రెషన్ లీకవుతోందని చాలామంది ప్లగ్గు పారేస్తారు. ఎక్కువ వోల్టేజీ వల్ల గాలిలోని ఆయిల్ తుంపరలు అక్కడ అంటుకున్న మరక అది. దానివల్ల నష్టం లేదు.

చదవడానికి ముందు బండి ఎలా నడిచిందన్నది ముఖ్యం. అరగంట ఐడిల్‌లో పెట్టి విప్పితే ఏ ప్లగ్గయినా నల్లగానే ఉంటుంది. కాస్త లోడ్ మీద హైవేలో నడిపించి ఆపి, ఇంజన్ చల్లారాక విప్పండి. వేడి మీద అల్యూమినియం హెడ్డులోంచి ప్లగ్గు లాగితే థ్రెడ్లు కూడా వచ్చేస్తాయి. విప్పే ముందు ప్లగ్గు గుంతలో గాలి కొట్టండి, లేకపోతే అక్కడి ఇసుక సిలిండర్‌లోకి పోతుంది.

ఇప్పుడు నంబర్ల సంగతి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో నంబరు పెరిగే కొద్దీ ప్లగ్గు కోల్డ్ అవుతుంది. బాష్, ఛాంపియన్‌లలో నంబరు పెరిగే కొద్దీ హాట్ అవుతుంది. ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్ ఉందనుకోండి. దానికి డెన్సోలో జోడీ డబ్ల్యూ20ఈపీఆర్-యూ, బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ. మూడు డబ్బాల మీదా 6, 20, 7 అని ఉన్నా హీట్ రేంజ్ ఒక్కటే. ఒక మెట్టు హాట్ కావాలంటే ఎన్‌జీకేలో 5కు, డెన్సోలో 16కు దిగాలి, బాష్‌లో 8కి ఎక్కాలి. కోల్డ్ ప్లగ్గు కావాలనుకుని షాపుకు ఫోన్ చేసి "ఒక నంబరు పెంచి పంపన్నా" అంటే, వాళ్ల దగ్గర బాష్ ఉంటే సరిగ్గా తలకిందులు వస్తుంది. పూర్తి కోడ్ చదివి చెప్పండి. వాట్సాప్‌లో పాత ప్లగ్గు ఫొటో పంపితే ఇంకా నయం.

కోడ్‌లో మిగతా అక్షరాలూ ఊరికే లేవు. బీపీఆర్6ఈఎస్‌లో బీ అంటే 14 మిల్లీమీటర్ల థ్రెడ్డు, పీ అంటే పింగాణీ ముక్కు బయటికి వచ్చినది, ఆర్ అంటే రెసిస్టర్, ఈ అంటే 19 మిల్లీమీటర్ల థ్రెడ్ పొడవు. రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే రేడియోలో గరగర వస్తుంది, ఈసీయూకూ ఇబ్బంది. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కో, వాల్వుకో తగలొచ్చు. హీట్ రేంజ్ ఒక్కటే కలిసిందని చూసి బిగించేస్తే చాలదు.

ప్లగ్గు సరైనదైనా బిగింపు సరిగా లేకపోతే అది హాట్ ప్లగ్గులాగే ప్రవర్తిస్తుంది. వేడి పోయే దారి థ్రెడ్లు, వాషర్ కదా. వదులుగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. అల్యూమినియం హెడ్డులో 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ పెట్టాలి. టార్క్ రెంచ్ లేకపోతే, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గును చేత్తో తిప్పి ఆనిన తర్వాత సుమారు అర చుట్టు బిగించండి. వాషర్ లేకుండా ఏటవాలు సీటు ఉండే ప్లగ్గుకు అంత వద్దు, చుట్టులో పదహారో వంతు చాలు. పూత ఉన్న ప్లగ్గు థ్రెడ్లకు గ్రీజులు, పేస్టులు రాయకండి. జారుడు వల్ల తెలియకుండానే ఎక్కువ బిగిసి గుల్ల సాగుతుంది.

మరి నిజంగా కోల్డ్ ప్లగ్గు ఎప్పుడు వెయ్యాలి? ఇంజన్ చేసే పని మారినప్పుడు. టర్బో కొత్తగా కట్టినా, బూస్ట్ పెంచి రీమ్యాప్ చేసినా, కంప్రెషన్ పెంచినా, ట్రాక్ మీద చాలాసేపు ఫుల్ థ్రాటిల్‌లో నడిపేది అయినా ఒక మెట్టు కోల్డ్‌కు వెళ్లొచ్చు. ఎన్‌జీకే చెప్పే లెక్క ప్రకారం అదనంగా 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు. సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చినంత మాత్రాన అక్కర్లేదు. బయట 45 డిగ్రీల ఎండ ఉంది కదా అని వేసవికో ప్లగ్గు, చలికాలానికో ప్లగ్గు కూడా వద్దు. కంపెనీ ఇచ్చిన ప్లగ్గు ఆ రెండింటికీ సరిపోతుంది.

మార్చినా ఒక్క మెట్టే మార్చండి, నాలుగూ ఒకేసారి మార్చండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఓనరును రమ్మని విప్పి చూడండి. నల్లబడితే పాత నంబరుకు వెనక్కి వెళ్లండి. పాత కోడ్, కొత్త కోడ్, కిలోమీటర్ల రీడింగ్ మూడూ జాబ్ కార్డులోనూ బిల్లులోనూ రాయండి. ఏడాది తర్వాత ఆ బండి ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ చేతికి వెళ్లినప్పుడు, హెడ్డులో ఉన్నది కంపెనీ నంబరు కాదని అతనికి తెలిసే దారి ఆ కాగితం ఒక్కటే.